గేరు పడట్లేదంటే బాక్సే పోయిందని కాదు



పోయిన నెల పదో తరగతి పాసైన ఒక తమ్ముడు ఇక్కడ అడిగిండు: "ఐటీఐల మోటార్ మెకానిక్ తీసుకుంటే పానాలు అందించుడు తప్ప ఇంకేమన్న వస్తదా?" అని. చాలామంది జవాబు ఇచ్చిన్రు. కొందరు తీసుకో అన్నరు, కొందరు డిగ్రీ చెయ్యి అన్నరు. మేం ముగ్గురం ఆ ట్రేడే చదివినం. ఇప్పుడు షార్జాల ఒక గ్యారేజీల పని చేస్తున్నం. ఇద్దరం ఉట్నూరు దిక్కు గోండోళ్లం, ఒకడు కొలాం పిల్లగాడు. ఆ తమ్మునికి రెండు లైన్లల్ల ఏం చెప్పాలో మాకు తోచలే. ఈ మధ్య మా గ్యారేజీకి వచ్చిన ఒక పాత స్పోర్ట్స్ కారు సంగతి మొత్తం రాస్తే అదే జవాబు అయితదనిపించింది. శుక్రవారం సెలవు రోజు ముగ్గురం కూసొని రాసినం. కొంచెం పొడుగైంది, ఓపికతోని చదువుండ్రి.

ముందు మా పని గురించి ఒక మాట. గ్యారేజీల మా హోదా హెల్పర్. జాకీ పెట్టుడు, చక్రాలు విప్పుడు, ఇంజిన్ దించేటప్పుడు కింద పట్టుకునుడు. మేం అడవి దిక్కు నుంచి వచ్చినోళ్లమని తెలిసినకాడి నుంచి బరువు పని ఏదున్నా మా దిక్కే చూస్తరు. బండికి రోగం ఏందో చెప్పుడు మాత్రం ఉస్తాద్ పని. ఇక్కడ పెద్ద మెకానిక్‌ను ఉస్తాద్ అంటరు. ఆయన చెప్తడు, మేం విప్పుతం. జీతంల తేడా కూడ అక్కడే ఉంటది: విప్పేటోనికి ఒక జీతం, ఏది విప్పాలో చెప్పేటోనికి ఇంకో జీతం. ఇంటికాడ కూడ మన పిల్లలకు ఎక్కువ దొరికేది మొదటి రకం పనే గదా. అందుకే ఈ కారు సంగతి మాకు ఉత్త కారు సంగతి లెక్క అనిపించలే.

కారు పేరు మజ్దా ఎంఎక్స్-5. అమెరికాల దీన్నే మియాటా అంటరు. 1989ల షికాగో ఆటో షోల మొదటిసారి చూపించిన్రు. రెండే సీట్లు, పైన మడిచిపెట్టే గుడ్డ టాపు, లైటు వేస్తే కప్ప కండ్ల లెక్క పైకి లేచే హెడ్‌లైట్లు. ఇంజిన్ ముందుంటది, తిరిగేది వెనక చక్రాలు. ఐదు గేర్లు, ఒక రివర్సు. మా దగ్గరికి వచ్చింది 1994 మోడలు, 1.8 లీటర్ల ఇంజిన్. అంటే మాలో ఇద్దరి కన్న వయసుల పెద్దది.

రికవరీ బండి మీద తెచ్చి దించిన్రు. ఓనరు సిరియా దేశపు పెద్దమనిషి. గేర్ రాడ్ ఒకటో గేర్లనే ఇరుక్కుంది, ఎటూ కదలట్లేదు అన్నడు. వేరే గ్యారేజీల చూపిస్తే గేర్ బాక్స్ పోయింది, పాతది ఇంకోటి తెచ్చి వెయ్యాలె, మూడు వేల దిర్హాములు అయితది అన్నరట. అంత పెట్టలేక తుక్కు కింద అమ్ముకుందామా అనే ఆలోచనల ఉన్నడు. ఆయన రాడ్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ తీరు చూస్తే, పోలాల పండుగకు సింగారించిన ఎద్దును సంతకు తోలుకపోయే మనిషి యాదికొచ్చిండు మాకు.

మా ఉస్తాద్ కూడ రాడ్‌ను ఒకసారి గట్టిగ గుంజి చూసి, "బాక్స్ దించుండ్రి" అన్నడు. ఈ కార్ల బాక్స్ దించుడంటే చిన్న పని కాదు. గేర్ బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్ దాక ఒక పొడుగు అల్యూమినియం ఫ్రేము ఉంటది. అది విప్పాలె, వెనకకు పోయే షాఫ్ట్ తీయాలె, సైలెన్సర్ పైపు తీయాలె, స్టార్టర్ తీయాలె. ఒక రోజంతా పోతది. ఆ రోజు కూలీ ఓనరు మీదనే పడతది. బాక్స్‌ల తప్పు లేకపోయినా పడతది.

మేం జాకీ తేకముందే ఓనరును కొన్ని మాటలు అడిగినం. ఒక్కసారే ఇరుక్కుందా, మెల్లమెల్లగ అయ్యిందా? ఆయన సరిగ్గ చెప్పిండు. రెండు వారాల కింద పొద్దున రివర్సు వేస్తుంటే గరగరమన్నదట. తర్వాత ఒకటో గేరు పడకపోతే క్లచ్ పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబ తొక్కితే పడేదట. ఆఖరికి ఒక సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఒకటో గేరు నుంచి బయటికి రాలే, క్లచ్ తొక్కినా బండి ముందుకే గుంజింది, ఇంజిన్ ఆగిపోయింది.

తమ్ముళ్లు, ఈ మూడు మాటలల్ల సగం రోగం బయటపడ్డది. ఎట్లనో చెప్తం.

ఎడ్లబండి కదల్తలేదనుకోండ్రి. మన పెద్దోళ్లు ముందుగాల ఏం చేస్తరు? ఎడ్లను విప్పి పక్కకు కడతరు. బండిని చేత్తోని తోసి చూస్తరు. బండి సాఫీగ కదిలితే ఇరుసుల, చక్రంల తప్పు లేదన్నట్టు. అప్పుడు ఎడ్ల గిట్టలు చూస్తరు, కాడి చూస్తరు. చేత్తోని తోసినా కదలకపోతే చక్రం కాడికి పోతరు. ఎడ్లను కొడుతు కూసుంటే ఏం లాభం లేదు. కారుల ఇంజిన్ ఎడ్ల లెక్క. గేర్ బాక్సు, చక్రాలు బండి లెక్క. మధ్యల కాడి లెక్క ఉండేది క్లచ్. పెడల్ తొక్కినప్పుడు కాడి దించినట్టు ఇంజిన్‌కు, బాక్స్‌కు సంబంధం తెగాలె. తెగితేనే గేరు మారతది.

బాక్స్ లోపల గేరు మారేటప్పుడు వేరే వేరే వేగాలతో తిరుగుతున్న రెండు ముక్కలు ఒకటైతయి. వాటి వేగాలు సమానం చేసేందుకు సింక్రో రింగులు ఉంటయి, ఎక్కువగ ఇత్తడివి. అవి రాసుకొని ఒక ముక్కను నెమ్మది చేస్తయి లేకపోతే వేగం పెంచుతయి. కానీ క్లచ్ తెగకపోతే ఆ ముక్కను ఇంజిన్ తిప్పుతనే ఉంటది. అంత చిన్న రింగు ఇంజిన్‌ను ఆపగలుగుతదా? ఆపలేదు. అందుకే గేరు పడదు. పడి ఉన్న గేరు కూడ బయటికి రాదు, ఎందుకంటే పండ్ల మీద ఇంజిన్ బలం పడి ఉంటది. చాలా పాత బాక్సులల్ల రివర్సు గేరుకు సింక్రో ఉండదు. అందుకే క్లచ్ సరిగ్గ తెగకపోతే అన్నిటికన్న ముందు రివర్సే గరగరమంటది. ఓనరు చెప్పిన మొదటి మాట అదే.

ఇగ మేం చేసిన పరీక్షలు వరుసగ రాస్తున్నం. ఏ మాన్యువల్ గేరు బండికైనా ఈ వరుస పనికొస్తది. పైస ఖర్చు లేదు, పానా కూడ అవసరం లేదు.

మొదటిది, పెడల్ కింద చూసినం. కాళ్ల కింది మ్యాటు ముడుచుకున్నా, నీళ్ల సీసా దొర్లి పెడల్ వెనక పడ్డా క్లచ్ పూర్తిగ దిగదు. నవ్వకుండ్రి, ఇట్ల వచ్చిన బండ్లు కూడ ఉంటయి. ఈ కార్ల అట్లాంటిదేం లేదు. కానీ పెడల్ మెత్తగ ఉంది, అడుగుదాక పోయి పైకి వచ్చుడు ఆలస్యం అయితుంది.

రెండోది, ఇంజిన్ బంద్ చేసి సమతలంగ ఉన్న చోట గేరు కదిపి చూసినం. ముందుగాల రాలే. ఇద్దరం బండిని ముందుకు, వెనకకు కొంచెం ఊపినం, ఒకడు లోపల రాడ్‌ను మెల్లగ గుంజిండు. పండ్ల మీద బలం తగ్గంగనే టక్కున న్యూట్రల్‌కు వచ్చింది. ఆ తర్వాత ఇంజిన్ బంద్‌లనే ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, రివర్సు అన్నీ వేసి చూసినం. అన్నీ పడ్డయి. రెండోది మాత్రం కొంచెం బిగుతుగ ఉంది. అది మనసుల పెట్టుకున్నం.

మూడోది, ఇంజిన్ బంద్‌లనే ఒకటో గేరు వేసి, ఒకడు క్లచ్ పూర్తిగ తొక్కి పట్టిండు, ఇద్దరం వెనక నుంచి తోసినం. క్లచ్ తెగితే బండి న్యూట్రల్‌ల ఉన్నట్టు దొర్లాలె. దొర్లలే. గేరు తీసి తోస్తే హాయిగ పోయింది. అంటే బ్రేకు పట్టుకోలే, చక్రం బిగుసుకోలే. క్లచ్ తెగట్లేదు, అంతే.

కొందరు ఈ పరీక్షను గేర్ల ఉంచి, క్లచ్ తొక్కి, స్టార్టర్ కొట్టి చేస్తరు. బండి ముందుకు ఎగిరితే క్లచ్ తెగనట్టు. మాకు అది నచ్చదు. ముందు మనిషి ఉంటే ఏం కావాలె? చేత్తోని తోసే పరీక్షతోనే అదే సంగతి తెలుస్తది.

ఇప్పుడు ఉస్తాద్ ముందుకు పోవాలె. ఇదే కష్టమైన ముచ్చట. ఆయన ఇరవై ఏండ్ల నుంచి పానా పడుతున్నడు, మేం నిన్నమొన్న వచ్చినోళ్లం. నువ్వు చెప్పింది తప్పు అంటే ఎవరికైనా కోపం వస్తది. ముగ్గురం గోండిల మాట్లాడుకున్నం. "తప్పు" అనొద్దు, అడుగుదాం అనుకున్నం. మాలో ఒకడు హిందీల అన్నడు: "ఉస్తాద్, ఇంజిన్ బంద్ చేస్తే ఆరు గేర్లు పడుతున్నయి. బాక్స్ పోతే పడతయా? క్లచ్ తొక్కి తోస్తే బండి కదల్తలేదు. ఒకసారి కిందికెళ్లి చూస్తరా?"

ఉస్తాద్ మా మొఖాల దిక్కు ఒక నిమిషం చూసిండు. ఏం అనలే. అట్ట పరుచుకొని బండి కిందికి దూరిండు. మాలో ఒకడు పెడల్ తొక్కుతుంటే ఆయన టార్చి వేసి చూసిండు. ఆయన పక్కనే మేమూ పండుకొని చూసినం.

ఈ కార్ల క్లచ్‌కు కేబుల్ ఉండదు, ఆయిల్‌తోని నడుస్తది. పెడల్ వెనక మాస్టర్ సిలిండర్ ఉంటది, బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ ఉంటది, మధ్యల సన్న పైపు. మీలో ఆశ్రమ పాఠశాలల సైన్స్ ఫెయిర్ చేసినోళ్లకు యాదికుంటది. రెండు సిరంజీలను పైపుతోని కలిపి నీళ్లు నింపి ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి తన్నుకొస్తది. అదే లెక్క. పైపుల గాలి బుడగ ఉంటే నొక్కినా రెండోది సరిగ్గ కదలదు, ఎందుకంటే గాలి నలుగుతది, నీళ్లు నలగవు. ఎక్కడన్న కారితే అసలే కదలదు. పెడల్‌ను గబగబ తొక్కితే గేరు పడేదని ఓనరు చెప్పిండు గదా. అది దీని గుర్తే. ప్రతి తొక్కుడుకు ఇంకొంచెం ఆయిల్ కిందికి పోయి, కొంచెంసేపు ఒత్తిడి నిలబడతది. బాక్స్ లోపలి రోగమైతే పెడల్‌ను ఎన్నిసార్లు తొక్కినా మారదు.

స్లేవ్ సిలిండర్ మొన మీద రబ్బర్ టోపీ ఉంటది. ఉస్తాద్ దాన్ని వేలితోని పక్కకు జరపంగనే నల్లటి ఆయిల్ ఆయన చేతి మీద కారింది. పెడల్ పూర్తిగ తొక్కినా లోపలి రాడ్ గోరంత కూడ కదల్తలేదు. పైన డబ్బాల ఆయిల్ అడుగుకు చేరింది. ఉస్తాద్ బండి కిందినుంచే చెయ్యి బయటికి చాపి, "12 నంబరు పానా" అన్నడు. బాక్స్ మాట మళ్ల ఎత్తలే.

ఎందుకు కారింది? క్లచ్‌ల పోసేది బ్రేక్ ఆయిలే. ఈ కారుకు డాట్ 3 రకం. అది గాలిల తేమను మెల్లమెల్లగ పీల్చుకుంటది. ఏండ్ల తరబడి మార్చకపోతే ఆ తేమతోని సిలిండర్ లోపలి గోడకు తుప్పు పడతది, గరుకైతది, లోపలి రబ్బర్ కప్పును గీకుతది. నల్లగ మారిన ఆయిల్‌ల ఆ రబ్బరే ఉంటది. ఈ తరం ఎంఎక్స్-5లల్ల స్లేవ్ సిలిండర్ పోవుడు అందరికి తెలిసిన సంగతే. కొత్త స్లేవ్ వేస్తే పాత మాస్టర్ మీద మళ్ల పూర్తి ఒత్తిడి పడి కొన్నాళ్లకు అది కూడ కారుతది. అందుకే రెండూ ఒక్కసారే మార్చినం. స్లేవ్‌ను పట్టుకునేది రెండే బోల్టులు. తర్వాత ఒకడు పెడల్ తొక్కుడు, ఒకడు కింద నిప్పల్ విప్పుడు, మూసుడు, అట్ల గాలి మొత్తం తీసినం. నిప్పల్ మూసినంకనే పెడల్ వదలాలె, లేకపోతే గాలి మళ్ల లోపలికి పోతది. ఈ ఆయిల్ రంగు మీద పడితే రంగు లేస్తది, పడ్డచోట వెంటనే నీళ్లతోని కడగాలె.

ఇంజిన్ స్టార్ట్ చేసినం. ఒకటి పడ్డది, రివర్సు చప్పుడు లేకుంట పడ్డది. ఓనరు చప్పట్లు కొట్టిండు. కానీ మేం మనసుల పెట్టుకున్న రెండో గేరు ఇంకా బిగుతుగనే ఉంది. రాడ్ కూడ పక్కలకు ఊగుతుంది, రాడ్ మొదట్ల నుంచి వేడి గాలి లోపలికి కొడుతుంది. అంటే ఇంకో రోగం ఉంది. పెద్ద రోగం చాటుకు చిన్నది దాక్కుంది. ఇట్లాంటప్పుడు "పని అయ్యింది" అని బిల్లు రాస్తే బండి నెలకు మళ్ల వస్తది, అప్పుడు ఓనరు మనల్నే అంటడు.

ఈ కార్ల గేర్ రాడ్ నేరుగ బాక్స్ మీదనే కూసుంటది. మధ్యల కేబుల్ లేదు. రాడ్ కింద గోళీ లెక్క గుండ్రటి భాగం ఉంటది, దాని కొసకు నైలాన్ బుష్ ఉంటది. అదంతా ఒక చిన్న గిన్నెల మునిగి ఉంటది. ఆ గిన్నెకు దాని సొంత గేర్ ఆయిల్ ఉంటది, సుమారు 80-90 మిల్లీలీటర్లు. మన చాయ్ గ్లాసు అంత. బాక్స్ ఆయిల్ మార్చినోళ్లు కూడ ఈ గిన్నెను మర్చిపోతరు. పైన రెండు రబ్బర్ బూట్లు ఉంటయి. అవి చిరిగితే కింది వేడి లోపలికి వస్తది, దుమ్ము గిన్నెల పడతది.

రెండు సీట్ల మధ్య ఉన్న డబ్బా విప్పి, బూటు తీసి, రాడ్‌ను పట్టుకున్న మూడు బోల్టులు తీసి పైకి లాగినం. కింది బూటు పూర్తిగ చిరిగింది. గిన్నె ఎండిపోయింది. నైలాన్ బుష్ ముట్టుకుంటే పొడి అయ్యింది. ముక్కలన్నీ ఒక్కటి కూడ లోపల పడకుండ ఏరినం. గిన్నె తుడిచి, కొత్త బుష్, కొత్త బూట్లు వేసి, ఆయిల్ పోసి మూసినం. గంటన్నర పని. ఆ తర్వాత రెండో గేరు వెన్నల కత్తి దిగినట్టు పడ్డది. మొత్తం బిల్లు ఆయనకు ముందు చెప్పిన మూడు వేలల్ల ఐదో వంతు కూడ కాలే. బాక్స్‌ను ఎవ్వరు ముట్టుకోలే.

అన్ని బండ్లల్ల ఇట్లనే ఉంటదని కాదు. ఇంజిన్ బంద్ చేసినా గేరు పడకపోతే దారి మారతది. అప్పుడు రాడ్‌కు, బాక్స్‌కు మధ్య ఏముందో చూడాలె. టొయోటా ఎంఆర్2 లాంటి కారుల ఇంజిన్, బాక్సు సీట్ల వెనక ఉంటయి. రాడ్ నుంచి అక్కడి దాక రెండు పొడుగు కేబుళ్లు పోతయి. ఒకటి తుప్పు పట్టినా, కొస బుష్ ఊడినా గేరు దొరకదు. పోర్షే 944ల ఇంజిన్ ముందు, బాక్స్ వెనక. మధ్యల పొడుగు రాడ్ ఉంటది, దాని జాయింట్లు అరుగుతయి. ఇట్లాంటి బండ్లల్ల బాక్స్ కాడ కేబుల్‌నో రాడ్‌నో ఊడదీసి, బాక్స్ మీది లివర్‌ను చేత్తోని కదిపి చూడాలె. అక్కడ కదిలితే తప్పు మధ్యల ఉన్నట్టు. అక్కడ కూడ కదలకపోతేనే బాక్స్ లోపల అనుమానం పెట్టుకోవాలె. రాడ్ ఎటుబడితే అటు ఊగుతూ ఏ గేరూ దొరకకపోతే బుష్షో కేబులో ఊడినట్టు. అన్ని గేర్లు మంచిగ పడి ఒక్కటే గరగరమంటే ఆ గేరు సింక్రో అరిగినట్టు. నెలల తరబడి ఆగి ఉన్న బండి అయితే క్లచ్ ప్లేటు తుప్పుతోని ఫ్లైవీల్‌కు అతుక్కొని ఉండొచ్చు. స్లేవ్ రాడ్ పూర్తిగ కదిలినా క్లచ్ తెగకపోతే అప్పుడు తప్పు క్లచ్ లోపల ఉంది. బాక్స్ దించుడు తప్పదు. కానీ అప్పుడు ఎందుకు దించుతున్నమో తెలిసి దించుతం.

మన ఏజెన్సీ రోడ్ల మీద తిరిగే పాత జీపుల సంగతి కూడ చెప్పాలె, ఎందుకంటే మీలో చాలామందికి స్పోర్ట్స్ కారు కన్న అదే దగ్గర. ఆ జీపులల్ల గేర్ రాడ్ నేరుగ బాక్స్ మూతల కూసుంటది. లోపల రెండు మూడు ఇనుప రాడ్లు పక్కపక్కన ఉంటయి, వాటికి గాడులు ఉంటయి. గేర్ రాడ్ కింది మొన ఆ గాడులల్ల పడి ఒక్కో రాడ్‌ను జరుపుతది. మొన అరిగితే రెండు గాడుల మధ్యల ఇరుక్కుంటది. రాడ్ కదలదు. డ్రైవరన్నలు మూత విప్పి స్క్రూడ్రైవర్‌తోని గాడులన్నీ ఒక వరుసకు తెచ్చి మళ్ల పెట్టుడు మీరు చూసే ఉంటరు. అది సరైన పనే, కానీ మందు కాదు. మొన అరిగిందని, స్ప్రింగు, గోళీలు చూడాలని అది చెప్తుంది. మళ్ల మళ్ల అట్ల అయితుంటే ఘాటుల ఎక్కడో ఒకకాడ ఇరుక్కుంటది. ఆ జీపుల అప్పుడు సంతకు పోయేటోళ్లు ఉండొచ్చు, నొప్పులు పడుతున్న అక్క కూడ ఉండొచ్చు. జీపు క్లచ్ కేబుల్‌దో రాడ్‌దో అయితే దాని సర్దుబాటు ముందు చూడుండ్రి. కేబుల్ సాగి వదులైతే కూడ గేరు పడదు. ఘాటుల ఇట్లాంటి పరీక్ష ఏదీ చేయకుండ్రి. దిగుడు మీద న్యూట్రల్‌కు తెస్తే బండి పోతది. ముందు మనుషులను దించి, చక్రాలకు రెండు దిక్కుల రాళ్లు పెట్టినంకనే ముట్టుకోవాలె.

ఇప్పుడు ఆ తమ్ముని ప్రశ్న. మోటార్ మెకానిక్ రెండేండ్ల ట్రేడు. పానా పట్టుడు నేర్పుతరు, అది నిజమే. కానీ అక్కడ కోసిపెట్టిన క్లచ్ మోడలు, కోసిపెట్టిన గేర్ బాక్స్ మోడలు ఉంటయి. వాటి ముందు కూసొని చేత్తోని తిప్పి చూడుండ్రి. ఏది తిరిగితే ఏది తిరుగుతుంది, ఏది ఆగితే ఏది ఆగుతుంది అని. పరీక్షకు చదివిన డెఫినిషన్లు మేం చాలా మర్చిపోయినం, చేత్తోని తిప్పింది మర్చిపోలే. ఆ రోజు బండి కింద పండుకున్నప్పుడు మాకు కండ్ల ముందు కనపడింది ఆ మోడలే. ఏదన్న విప్పేముందు "లోపల నాకు ఏం కనపడాలె?" అని ఒక ముక్క కాగితం మీద రాసుకోండ్రి. విప్పినంక అది కనపడకపోతే మీ ఆలోచన యాడ తప్పిందో తెలుస్తది. చెల్లెళ్లు కూడ ఈ ట్రేడు తీసుకోవచ్చు. మేం చేసిన పరీక్షలల్ల బండి తోసుడు తప్ప బలం కావాల్సింది ఒక్కటీ లేదు.

ఇంకో మాట. మన తాతలు ఎద్దు కుంటితే కాలు ఎత్తి గిట్ట చూస్తరు, ముల్లు ఉందా, రాయి ఉందా అని. తర్వాత మోకాలు ఒత్తి చూస్తరు, వేడి ఉందా, వాపు ఉందా అని. అప్పుడు గాని డాక్టరును పిలవరు. ఒక్కోటి పక్కకు పెట్టుకుంట పోవుడు మనకు కొత్త విద్య కాదు. కాకపోతే గ్యారేజీలల్ల, ఆఫీసులల్ల ఆ విద్య మనకు ఉంటదని ఎవ్వరు అనుకోరు. బరువు మోయమంటరు. మోయుండ్రి, తప్పు లేదు. మోస్తున్నది ఎందుకు దించుతున్నరో కూడ అడుగుండ్రి, మర్యాదగ, రుజువు చేతుల పెట్టుకొని.

ఆ కారు తర్వాత మా జీతాలేం పెరగలే. కానీ ఉస్తాద్ ఇప్పుడు గేరు, క్లచ్ బండి ఏదొచ్చినా "ముందు మీరు చూసి నాకు చెప్పుండ్రి" అంటడు. మేం చూసినంక ఆయన చూస్తడు. రెండుసార్లు మేం చెప్పింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి అయినయి. ఒకసారి ఆయనది, ఒకసారి మాది నిజమైంది.

మీ ఊరి జీపుకో, ట్రాక్స్‌కో, ఆటోకో ఇట్లాంటి ఇబ్బంది ఉంటే కింద రాయుండ్రి. "గేరు పడట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే మాకు ఏం తెల్వదు. ఈ ఆరు సంగతులు రాయుండ్రి: బండి ఏది, ఎప్పటిది, ఒక్కసారే అయ్యిందా మెల్లగ అయ్యిందా, ఇంజిన్ బంద్ చేస్తే గేర్లు పడుతున్నయా, సమతలం మీద ఒకటో గేరు వేసి క్లచ్ తొక్కి తోస్తే కదల్తుందా, క్లచ్ కేబుల్‌దా, ఆయిల్‌దా. ఇవి చూసి రాసేవరకే సగం మందికి జవాబు దొరుకుతది. మిగిలినోళ్లకు శుక్రవారం మేం ముగ్గురం కూసొని జవాబు రాస్తం.